మన సీమలోని కుశస్థలి నది

మన తిరువళ్లూరు పట్టణము మదరాసు నగరమునకు పడమట, కూవం నది చెంత నున్నది. 1856లో రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు నడచిన దక్షిణదేశపు తొలి రైలు ఈ యూరి మీదుగనే సాగినది. వీరరాఘవస్వామి కోవెల ఎల్లరెరిగినదే గాన దానిని గూర్చి విస్తరింపము.

కూవం నీరు కేశవరం ఆనకట్ట యొద్ద మరియొక పెద్దనదినుండి చీలి వచ్చును. ఆ పెద్దనదిని తమిళులు కొసస్తలైయారనియు, ఆంగ్లేయుల పటములు కొర్తలయారనియు, తెలుగువారు కుశస్థలి యనియు పిలుతురు. విద్యార్థులు పరీక్షలో ఏ పేరు వ్రాసినను సరే. ఇంట పెద్దల నోటనున్న పేరును మాత్రము పోగొట్టుకొనరాదని మా యభిప్రాయము. చిత్తూరు కొండలలో కురిసిన వాన పళ్లిపట్టు మీదుగాను, నగరి యేటి మీదుగాను పూండి చేరి, ఎన్నూరు వద్ద కడలి గలియును. ఈ నదీప్రాంతమున అత్తిరంపాక్కంలో దొరకిన రాతి పనిముట్లు సుమారు 15 లక్షల యేండ్ల నాటివని శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి. అప్పటికి తమిళమును లేదు, తెలుగును లేదు!

తిరుత్తణి కథ విచిత్రమైనది. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు అచ్చట జన్మించునాటికి అది ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లాలో చేరెను. పటాస్కరు గారి మధ్యవర్తిత్వము ననుసరించి 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు పోయెను. చెంగల్పట్టు జిల్లాలో కొంతకాలముండి, 1997లో తిరువళ్లూరు జిల్లాలో భాగమాయెను. ఊరు కదలలేదు, జిల్లాలే మారినవి. ఇంట తెలుగు, కచేరీలో తమిళము నైన కుటుంబము లిట్లేర్పడినవి.

నీటికి మాత్రము ఈ సరిహద్దు పట్టదు. ఎగువన ఆంధ్రలోని కృష్ణాపురం జలాశయపు గేట్లెత్తినచో దిగువన పళ్లిపట్టు వైపు ఏటి గట్టువారు జాగ్రత్తపడవలెను. రెండు ప్రభుత్వములు సకాలమున కబురు పంపుకొననిచో నష్టము గ్రామస్థులదే.

1944లో పూర్తియైన పూండి జలాశయము 3,231 మిలియను ఘనపుటడుగుల నీటిని పట్టును; దానికి సత్యమూర్తి గారి పేరు పెట్టిరి. 1983 నాటి తెలుగుగంగ ఒడంబడిక ఫలితముగా 1996లో కృష్ణా జలములు అందు చేరెను. కండలేరునుండి 152 కిలోమీటర్లు ఆంధ్రదేశమున ప్రవహించి, ఊత్తుకోట దాపున తామరకుప్పం వద్ద ఆ కాలువ మన జిల్లాలో ప్రవేశించును. వచ్చిన నీటిని అచ్చటనే కొలుతురు.