వాద్యాభ్యాసము - చెవి రక్షణ

నాగస్వరము, డోలు నేర్పింపుడని పిల్లలను మా యొద్దకు తెచ్చు తలిదండ్రులు వేళ్లను గూర్చియు, ఊపిరిని గూర్చియు అడుగుదురు; చెవిని గూర్చి అడుగువారు అరుదు. మేళగాండ్ర యిండ్లలో పెద్దలకు కేకవేసినగాని వినబడనిచో వయసు మీరినదందుము. అన్నిట వయసే కారణము కాదు. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు రోమకణములు అతిధ్వనిచే నశించినచో మరల పుట్టవు. 85 డెసిబెళ్ల ధ్వనిని పనివారు దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, 3 డెసిబెళ్లు హెచ్చిన కొలది ఆ కాలము సగము కావలెననియు అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ సూచించినది. ఆ లెక్కను 100 డెసిబెళ్లకు 15 నిమిషములే.

చెవిలో దూది పెట్టుట మన వాడుక. దానివలన ప్రయోజనము స్వల్పము. అంగడిలో దొరకు నురుగు బిరడాలు ధ్వనిని బాగుగా అడ్డగించును గాని, తారస్వరములను మిక్కిలిగను, మంద్రమును తక్కువగను తగ్గించుటచే వాద్యము మూగవోయినట్లుండును. పిల్లవాడు శ్రుతి తెలియక బిరడా తీసి జేబులో వేసికొనును. వానిని కోపింపనేల? సంగీతజ్ఞులకై చేసిన బిరడాలు అన్ని స్వరములను ఇంచుమించు సమముగా తగ్గించును. వీనిలో 9, 15, 25 డెసిబెళ్లు తగ్గించు రకములు కలవు.

ఊదువానికి మరియొక చిక్కు కలదు. చెవి మూసినపుడు తన వాద్యధ్వని ఎముకల గుండా తలలో మారుమ్రోగును. అచ్చు తీయించి లోతుగా అమరునట్లు చేయించినచో అది తగ్గును. కాని వెల హెచ్చు; ఎదుగు పిల్లల చెవి మారుటచే మరల చేయింపవలసి వచ్చును. కనుక వారికి సిద్ధముగా దొరకు చిన్న కొలతవే చాలునని మా యభిప్రాయము.

సాధన ముగిసిన పిదప చెవిలో గుయ్యిమను మ్రోత నిలిచినచో, మరునాటి పాఠమునకు పంపక చెవివైద్యునకు చూపుడు.