కన్యాశుల్కం: నవ్వుల వెనుక సుబ్బి

తమ్ముళ్లారా! పరీక్షలో గిరీశం గురించి అడుగుతారు. నేను సుబ్బిని గురించి రాస్తాను.

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1955లో పి.పుల్లయ్య సినిమాగా తీశారు. మధురవాణి (సావిత్రి) కోసం పోటీపడే గిరీశం (ఎన్.టి.రామారావు), రామప్పపంతులు (సి.ఎస్.ఆర్.) ఒకే మంచం కింద దూరితే పడీపడీ నవ్వుతాం.

అదే కథలో, తండ్రి డబ్బు పుచ్చుకొని పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోతాడు. మేనమామ కరటకశాస్త్రి నాటకాలలో విదూషకుడు. శిష్యుడికి ఆడవేషం కట్టి, తక్కువ ధరకు ముసలాయనకు అంటగడతాడు. ఆ రోజుల్లో రంగస్థలంపై స్త్రీ పాత్రలు మగవారే వేసేవారు గదా, ఆ విద్యే సుబ్బికి అక్కరకొచ్చింది!

మా అమ్మకు పదమూడో ఏట పెళ్లయింది. బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఈ సినిమా చూస్తూ, మేమంతా నవ్వుతుంటే అడిగింది: “గా చిన్నపిల్ల సంగతేమైంది బిడ్డా?”