శైలియా? లోపమా? - రూపచిత్రణలో కొలతలు, కంప్యూటర్ కుంచె

చిత్రకళను అభిమానించే విద్యార్థినీ విద్యార్థుల సంఖ్య మన కళాశాలలో నానాటికి పెరుగుతున్నది. పూర్వం నోటు పుస్తకాల చివరి పుటలలో దాగి ఉండిన బొమ్మలు నేడు సెల్‌ఫోనులలోను, కంప్యూటర్ తెరలపైనను దర్శనమిస్తున్నవి. ఈ ఔత్సాహికులు నలుగురు ఒకచోట చేరినప్పుడు ఒక వాదం తప్పక తలెత్తుతుంది. ఒకరు గీసిన బొమ్మను చూచి మరొకరు, "చేయి మోకాలి దాకా వచ్చిందేమి?" అని అడుగుతారు. "అది నా శైలి" అని సమాధానం వస్తుంది. అడిగినవారికి తృప్తి కలుగదు, గీసినవారికి కోపం ఆగదు. శైలి ఎక్కడ మొదలవుతుంది, లోపం ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్నను కొంత పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం. ఈ ప్రశ్నకు జవాబు వెదకకుండా సాఫ్ట్‌వేర్ నేర్చుకొనబూనిన వారు అందులోని నూరు కుంచెల నడుమ దారి తప్పుతారు.

ఉన్నదానిని ఉన్నట్లు కాక, ఒక నియమానికి లోబడి మార్చి గీయడమే శైలీకరణం. బాపు (1933-2014) గీసిన స్త్రీమూర్తిని స్మరించుకొనండి. అంతటి కన్నులు, అంత పొడవైన జడ నిజజీవితంలో అరుదు. ముక్కు ఒక గీత, చిరునవ్వు మరొక గీత. అయినా దానిని తప్పు బొమ్మ అన్నవారు లేరు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం చిత్రించిన తెలంగాణ స్త్రీ మరొక లోకానికి చెందినది. నల్లని మేను, నిండైన విగ్రహం, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, ఎరుపు పసుపుల చీర. ఒకరు తీసివేస్తూ రూపాన్ని సాధించారు, మరొకరు నింపుతూ సాధించారు. ఇద్దరూ ప్రకృతిని మార్చినవారే. ఆ మార్పు తల నుండి పాదం వరకు, ఒక బొమ్మ నుండి మరొక బొమ్మ వరకు ఒకే నియమాన్ని పాటించింది. అందుచేతనే సంతకం చూడకుండానే వారిని గుర్తుపట్టగలుగుతున్నాము.

ఇంకను వెనుకకు పోతే, 16వ శతాబ్దంలో విజయనగర కాలాన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై చిత్రించిన మనుష్యులు ఎక్కువగా పక్కకు తిరిగిన ముఖాలతో, వాడి ముక్కులతో కనిపిస్తారు. 17వ శతాబ్ది ఆరంభానికి చెందిన బీజాపూరు చిత్రం ఒకటి, మైనాతో యోగిని, నేడు డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉన్నది. అందులోని యోగిని అసాధారణంగా పొడుగరి. పొడవును పెంచిన ఆ దక్కనీ చిత్రకారునికి మానవ దేహపు కొలతలు తెలియవని ఎవరనగలరు?

కొలత అన్న మాట వచ్చినది గనుక, మన ఉర్దూ శాఖ విద్యార్థులకు చిరపరిచితమైన ఒక విషయంతో ఈ చర్చను ముందుకు నడుపుతాను. ఖుష్‌నవీసీ నేర్చేవారు అక్షరాన్ని కంటి అందాజుతో కాక నుఖ్తాతో కొలుస్తారు. కలం మొనను కాగితంపై ఒకసారి ఏటవాలుగా ఒత్తితే ఏర్పడే చుక్కయే నుఖ్తా. కలం లావైతే నుఖ్తా పెద్దదవుతుంది, దానితోపాటు అక్షరమూ పెరుగుతుంది, నిష్పత్తి మాత్రం మారదు. ఈ పద్ధతికి క్రమం ఏర్పరచినవాడుగా బాగ్దాదు వజీరు ఇబ్న్ ముఖ్లా (మరణం 940) ప్రసిద్ధుడు. రాజకీయ కక్షలలో ఆయన కుడిచేతినే నరికివేశారన్నది చరిత్ర. సాధారణంగా అలిఫ్ ఎత్తు నస్తాలీఖ్‌లో మూడు నుఖ్తాలు, నస్ఖ్‌లో అయిదు, సులుస్‌లో ఏడు. అక్షరం ఒక్కటే, శైలులు మూడు. వీటిలో ఏది సరియైనది అని అడగడం అర్థరహితం. కాని నస్తాలీఖ్ పంక్తిలో ఒక అలిఫ్ మూడు నుఖ్తాలు, దాని పక్కది అయిదు నుఖ్తాలు అయితే ఉస్తాదు కలం దించి శిష్యుని వంక చూస్తాడు. "ఇది నా శైలి" అనే సాహసం ఏ శాగిర్దూ చేయడు.

మానవ రూపానికి ఈ నుఖ్తా వంటిది తల. గడ్డం కొన నుండి నడినెత్తి వరకు ఒక తల అనుకొంటే, వయోజనుని ఎత్తు సుమారు ఏడున్నర తలలు. పాశ్చాత్య చిత్రకళాశాలలు ఆదర్శ రూపానికి ఎనిమిది తలలు గ్రహించాయి. కామిక్ పుస్తకాల వీరులకు తరచుగా ఎనిమిదిన్నర, తొమ్మిది కూడా ఇస్తారు. అప్పుడే పుట్టిన శిశువు నాలుగు తలలే. అందువల్లనే పెద్దవారిని మూడు నాలుగు తలల ఎత్తులో గీసినప్పుడు వారిపై మనకు పసిపిల్లలపై కలిగే ముద్దు కలుగుతుంది. మన పూర్వులు ఈ విషయంలో వెనుకబడినవారు కారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను అయిదు తెగలుగా విభజించి, హంసునికి 108, భద్రునికి 106, మాలవ్యునికి 104, రుచకునికి 100, శశకునికి 90 అంగుళాలు విధించింది. ఆ అంగుళం మన బజారు టేపు మీది అంగుళం కాదు, ఎవరి అంగుళం వారిదే. నుఖ్తా వలెనే అదీ నిష్పత్తి. ఒకే సత్యాన్ని ఖత్తాతులు, శిల్పులు వేర్వేరుగా కనుగొనడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం.

ఇక మోకాలి దాకా వచ్చిన చేతి సంగతి. గీసినవారిని ఒక్క ప్రశ్న అడిగితే చాలును: "దీనిని మామూలు పొడవుకు తగ్గించి గీయగలవా?" గీయగలిగితే ఆ పొడవు అతడు ఎంచుకొన్నది. గీయలేకపోతే చేతికి తోచినంత దూరం గీత పోయినదన్నమాట. రెండవ చేయి కూడా అంతే పొడవున్నదా, వేళ్లు అదే పాళ్లలో సాగినవా అని చూస్తే సందేహం పూర్తిగా తీరుతుంది. చేతివేళ్లు గీయడం కష్టమని బొమ్మలన్నింటికీ చేతులను జేబులలోను, వీపు వెనుకను దాచేవారు కొందరున్నారు. దానిని మాత్రం శైలి అనడానికి నా మనసు ఒప్పుకోదు.

నేటి యువకులలో జపాను బొమ్మల కథలపై మోజు మెండు. ఆ పెద్ద కన్నులను అనుకరించడం తప్పు కాదు. వాటికి ప్రాచుర్యం తెచ్చిన ఒసాము తెజుకా (1928-1989) తానే డిస్నీ మొదలైన అమెరికను వ్యంగ్యచిత్రాల ప్రభావానికి లోనయినవాడు. అయితే ఆయన వైద్యవిద్య అభ్యసించినవాడన్న సంగతి మరువరాదు. ఎముక ఎక్కడున్నదో తెలిసి కన్ను పెంచాడు. మన విద్యార్థులు కన్నును తీసుకొని కపాలాన్ని వదలివేస్తున్నారు. ఫలితంగా ముఖం పక్కకు తిరిగినప్పుడు ఆ కన్ను ఎక్కడ పెట్టాలో తోచక, అన్ని ముఖాలనూ ఒకే వైపు నుండి గీస్తున్నారు.

ఇక యంత్రం వైపు వద్దాము. తెరపై కాంతికలంతో గీసే విధానాన్ని ఐవాన్ సదర్లాండ్ అమెరికాలో 1963లో స్కెచ్‌ప్యాడ్ అనే పేర రూపొందించారు. ఫోటోషాప్ 1990లో విడుదలయింది, పొరలు పొరలుగా బొమ్మను కూర్చే సదుపాయం దానికి 1994లో వచ్చింది. నేడు క్రీటా, గింప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తున్నవి. ఖరీదైన దానిని దొంగప్రతిగా సంపాదించవలసిన అగత్యం విద్యార్థికి లేదు. క్రీటా అన్నది స్వీడిష్ భాషలో సుద్ద పేరు. సుద్దముక్క పట్టినంత నిరాడంబరంగానే దానిని ఆరంభించవచ్చును.

మొదటి మాసం ఒక్క కుంచె, ఒక్క రంగు, నాలుగు పొరలు చాలును. అడుగు పొరపై తలల కొలతతో అడ్డగీతలు గీయండి. రెండవ పొరపై కర్రబొమ్మ వంటి అస్థిపంజరం, మూడవదానిపై గుండ్రని, పలకల ఆకారాలతో దేహభాగాలు. ఈ మూడింటి గాఢతను ముప్పై శాతానికి తగ్గిస్తే అవి నీడల వలె లోపల కనిపిస్తాయి. నాలుగవ పొరపై తుది రేఖ. చేయి పొడవు నచ్చకపోతే రెండవ పొర మార్చుకొంటే సరి, కాగితం చిరుగదు. ఈ నాలుగింటి పైన అయిదవది, ఎర్ర రంగుతో, మీ మిత్రునికో అధ్యాపకునికో ఇవ్వండి. ఖుష్‌నవీసీలో శిష్యుని మష్ఖ్‌పై ఉస్తాదు చేసే దిద్దుబాటును ఇస్లాహ్ అంటారు. శిష్యుని గీత చెడకుండా ఇస్లాహ్ చేయగలగడం ఈ పొరల పద్ధతిలోని గొప్ప సౌకర్యం. వాదం కోపంగా మారకుండా ఆపే ఉపాయం కూడా ఇదే.

బొమ్మను అద్దంలో వలె తిప్పి చూపే సాధనం మరొకటి. క్రీటాలో ఎం అక్షరం నొక్కితే చాలును. చిత్రాన్ని అద్దంలో చూచి తప్పులు కనిపెట్టవలెనని లియొనార్డో డావిన్చీ ఏనాడో సలహా ఇచ్చాడు. అలవాటుపడిన కన్ను ఏ వంకరను క్షమిస్తున్నదో తిప్పిన బొమ్మలో అది బయటపడుతుంది.

కొన్ని సౌకర్యాలు ఆరంభంలో అపకారులు. గీతను వెనుకకు తీసుకొనే మీట ఉన్నది గనుక ఒకే గీతను నలభైసార్లు గీసి, చెరిపి, చివరకు అలసి ఏదో ఒకదానిని ఉంచేవారున్నారు. బొమ్మను నాలుగింతలు పెంచి కనురెప్పల వెంట్రుకలు గీస్తూ గంట గడిపి, వెనుకకు వచ్చి చూస్తే ఒక కన్ను చెవి దాకా జారి ఉంటుంది. సగం గీస్తే మిగతా సగం తానే పూరించే సమరూప సాధనం వల్ల ముఖం దిష్టిబొమ్మ వలె బిగుసుకుంటుంది. వణుకును సరిచేసే స్టెబిలైజరును మాత్రం నేను పూర్తిగా నిషేధించను. కాని అది చేతి వణుకును తీస్తుందే గాని సంకల్పంలోని వణుకును తీయదు. 2022 నుండి మాటలు చెబితే బొమ్మ గీసిపెట్టే కృత్రిమ మేధా పరికరాలు కూడా విరివిగా వచ్చాయి. చేయి ఎందుకు పొడవయినది అని అడిగితే జవాబుదారీ వహించవలసిన మనిషి అక్కడ లేడు గనుక మన చర్చలో వాటికి తావు స్వల్పం.

పరికరాల ఖరీదు చూచి వెనుకంజ వేయనక్కరలేదు. ఒత్తిడిని బట్టి గీతను లావు, సన్నం చేసే ఎలక్ట్రానిక్ పలకలు మంచివే. కొన్నింటిలో ఆ ఒత్తిడికి 8192 అంచెలుంటాయట. చేతిలోని ఫోనులో ఐబిస్ పెయింట్ వంటిది వేసుకొని వేలితోనే గీసే మన విద్యార్థినులు పలువురున్నారు. వేలి గీతకు ఒత్తిడి భేదం రాదు, నిజమే. అట్టివారు ముందుగా కాగితంపై పెన్సిలుతో గీసి, ఫోటో తీసి, దానిని అడుగు పొరగా ఉంచి పైన రేఖ వేసుకొనవచ్చును. గ్రంథాలయంలోని కంప్యూటర్లలో ఒకదానిపైన క్రీటా వేయించి, వారానికి రెండు సాయంత్రాలు చిత్రకళాభిమానులకు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి. దీనికయ్యే ఖర్చు కరెంటు ఖర్చే.

రానున్న సంచికకు బొమ్మలు పంపదలచినవారు ఒకే వ్యక్తిని నాలుగు, ఏడున్నర, తొమ్మిది తలల ఎత్తులలో మూడుసార్లు గీసి పంపండి. మూడింటిలోను చేతులు కనపడవలెను. ఏ4 కాగితానికి 300 డీపీఐ చొప్పున, అనగా 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లతో ఆరంభం నుండే పని చేయండి. చిన్నగా గీసి తరువాత పెంచితే అచ్చులో గీతల అంచులు మసకబారుతాయి. తెరపై మెరిసే నీలాలు, పచ్చలు అచ్చు సిరాలో కొంత వాడిపోతాయి గనుక రంగుల కంటె రేఖను నమ్ముకొనుట మేలు. పొరలు కలిపివేయని మూలప్రతిని మీ వద్ద భద్రపరచుకొనండి. ఇస్లాహ్ పొర దానిలోనే ఉంటుంది.