మద్యమత్తుడైన అధికారి – క్రింది ఉద్యోగి ధర్మము

ఏలూరు, తాడేపల్లిగూడెము తపాలా కార్యాలయములలోని కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమావళి వర్తించును. విధినిర్వహణ వేళ మద్యపు మత్తులో నుండరాదని దాని 22వ నియమము. ఇది గుమాస్తాకెట్లో, అధికారికిని అట్లే.

అయినను, మధ్యాహ్నమునకే త్రాగివచ్చు అధికారి పనిని తామే చేసి, ఆయన లోపమును కప్పిపుచ్చు ఉద్యోగులు గలరు. అది దయ కాదు, వ్యసనమునకు ఎరువు. లెక్కలో తేడా వచ్చిననాడు సంతకము చేసినవాడే సంజాయిషీ చెప్పుకొనవలెను.

కావున ఆయన మత్తులో లేని ఉదయవేళ, ఏకాంతమున, వినయముతో చెప్పవలెను. ఆయనకు బదులు సంతకము చేయరాదు. అప్పటికిని మారనిచో, చూచినది మాత్రమే తేదీలతో పై అధికారికి వ్రాయవలెను. ఇది చాడీ కాదు. మద్యవ్యసనము చికిత్సకు లొంగు వ్యాధి గనుక, ఆయనకును మేలే.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై యుండియు కాయకశుద్ధిని విడువలేదు. ప్రభువును కొలుచుట వేరు, ప్రభువు తప్పును మోయుట వేరు.