తిరుమలగిరి నుంచి వంశవృక్షం వెతికే పని: ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

తిరుమలగిరి, లాల్‌బజార్, బొల్లారం వైపు ఉంటూ, పాత ఇంగ్లిష్ చేతిరాత చదవగలిగి, ఓపిగ్గా రికార్డులు తిరగేయగలిగిన వాళ్లకు సరిపడే ఫ్రీలాన్స్ పని ఒకటుంది. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఒక కుటుంబం మెయిల్ పెడుతుంది. మా ముత్తాత సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సోల్జర్, పిల్లలు అక్కడే పుట్టారు, చర్చి రికార్డులు వెతికిపెడతారా అని అడుగుతుంది. పైకి ఇది రెండు రోజుల పనిలా ఉంటుంది. అలా అనుకుని రేటు చెప్పినవాళ్లు డబ్బూ పోగొట్టుకుంటారు, పేరూ పోగొట్టుకుంటారు. అందుకే ముందుగా పని పద్ధతి, తర్వాత డబ్బు సంగతి మాట్లాడుకుందాం.

రికార్డు ఎటు వెళ్లిందో తెలుసుకోండి

1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యం స్థిరపడింది. 1806లో ఆ సైన్యం ఉన్న కంటోన్మెంట్‌కు నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. సోల్జర్లు ఉన్నచోట చాప్లిన్ (సైన్యపు పాస్టర్) ఉండేవాడు, చాప్లిన్ దగ్గర రిజిస్టర్లు ఉండేవి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది, బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది, తిరుమలగిరి ఆల్ సెయింట్స్ 1860 నాటిది.

బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన జరిగినప్పుడు చాప్లిన్ చర్చి రిజిస్టర్‌లో రాసి, దాని నకలు మద్రాసుకు పంపేవాడు. అక్కడి నుంచి మరో నకలు లండన్ చేరేది. మనది నిజాం ఇలాకా అయినా, రిటర్నులనే ఈ నకళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందికే వెళ్లాయి. లండన్ చేరినవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. బెంగాల్‌ది ఎన్/1, బొంబాయిది ఎన్/3. వీటిలో చాలా భాగం ఫైండ్‌మైపాస్ట్ సైట్‌లో చందా కడితే ఇమేజ్‌లుగా కనిపిస్తాయి. ఫ్యామిలీసెర్చ్‌లో ఇండెక్స్ ఉచితం. ఫిబిస్ అనే బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ డేటాబేస్‌లోనూ ఉచితంగా వెతకొచ్చు.

కాబట్టి ముందు ల్యాప్‌టాప్ ముందు కూర్చోండి, చర్చి గేటు సంగతి తర్వాత. కొత్తవాళ్లు ఈ వరుసను తలకిందులు చేసి, తేదీ తెలియకుండానే చర్చి ఆఫీసుకు వెళ్లి, యాభై ఏళ్ల రిజిస్టర్లు చూపించమంటారు. ఏ ఆఫీసూ ఒప్పుకోదు.

ఏ చర్చి? రెజిమెంట్‌ను, డినామినేషన్‌ను అడగండి

క్లయింట్ "సికింద్రాబాద్" అన్నాడంటే అది ఊరి పేరు మాత్రమే, చర్చి పేరు కాదు. బ్రిటిష్ రెజిమెంట్ల బారకులు ఎక్కువగా తిరుమలగిరి వైపు ఉండేవి. హైదరాబాద్ కంటింజెంట్ ఆఫీసర్లు బొల్లారంలో ఉండేవారు. అందుకే యూనిట్ పేరు తెలిస్తే వెతకాల్సిన చోటు సగం తేలుతుంది. మిగతా సగం మతశాఖ తేలుస్తుంది. ఐరిష్ సోల్జర్ క్యాథలిక్ అయితే ఆంగ్లికన్ రిజిస్టర్‌లో ఎంత వెతికినా దొరకడు. క్యాథలిక్ రిజిస్టర్లు లాటిన్‌లో ఉండొచ్చు, జాన్ అక్కడ యొహాన్నెస్ అవుతాడు. వెస్లియన్ల లెక్క మళ్లీ వేరు. మొదటి మెయిల్‌లోనే యూనిట్, ర్యాంకు, మతశాఖ, సుమారు సంవత్సరం అడగండి. ఈ నాలుగింట్లో కనీసం రెండు లేకుండా పని మొదలుపెట్టకండి.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. మన తిరుమలగిరి రికార్డుల్లో ట్రిముల్‌గెర్రీ అని, టిర్ముల్‌గిరి అని రకరకాలుగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల సికింద్రాబాద్ అని మాత్రమే రాసి వదిలేశారు. ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో సికందరాబాద్ అని ఇంకో ఊరుంది. బెంగాల్ వరుసలో ఆ పేరు తగిలితే వెంటనే సంబరపడకండి, అది మన సికింద్రాబాద్ కాకపోవచ్చు.

రిజిస్టర్ చెప్పేదెంత, చెప్పనిదెంత

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. వీటిని చెక్‌లిస్ట్‌లా దగ్గర పెట్టుకోండి.

బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీ కాదు. ఇక్కడి రిటర్నుల్లో పుట్టిన తేదీకి వేరే కాలమ్ ఉంటుంది, రెండూ విడిగా రాసుకోండి. ఒక్కోసారి ముగ్గురు పిల్లలకు ఒకేరోజు బాప్తిస్మం ఇచ్చేవారు, వాళ్లు కవలలని రాసి పరువు తీసుకోకండి.

పెళ్లి రిజిస్టర్‌లో వయసు దగ్గర "ఫుల్ ఏజ్" అని ఉంటే 21 దాటిందని మాత్రమే అర్థం. "ఈ పారిష్‌వాసి" అన్నది అప్పటికి అక్కడ ఉంటున్నాడని మాత్రమే చెబుతుంది. అక్కడే పుట్టాడనడానికి అది రుజువు కాదు.

పసిబిడ్డ చనిపోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టడం మామూలే. అందుకే బాప్తిస్మం దొరికాక భూస్థాపన రిజిస్టర్ కూడా చూడాలి. చూడకపోతే పసితనంలోనే పోయిన బిడ్డ నుంచి వంశం నడిపించేస్తారు.

కంటోన్మెంట్‌లో భర్త పోయిన స్త్రీ త్వరగా మళ్లీ పెళ్లి చేసుకోవడమూ కనిపిస్తుంది. తల్లి ఒకరే అయినా పిల్లల ఇంటిపేర్లు వేరుగా ఉంటే, మధ్యలో పెళ్లి రికార్డు ఉందేమో చూడండి.

ఇండెక్స్‌ను నమ్మి రిపోర్ట్ రాయకండి. ఇండెక్స్ రాసినవాళ్లు కూడా చేతిరాతను ఊహించే చదివారు. ఇమేజ్ తెరిచి, పక్క ఎంట్రీలు కూడా చదివి, అప్పుడే నోట్ చేయండి.

ఒక కేసు చూద్దాం

క్లయింట్ దగ్గర ఉన్నది ఇంతే: తాతమ్మ 1889లో తిరుమలగిరిలో పుట్టింది, తండ్రి జాన్ బ్రౌన్, ఆర్టిలరీలో గన్నర్. మద్రాసు రిటర్నుల్లో బాప్తిస్మం దొరికింది, తల్లి పేరు కూడా తెలిసింది. కానీ ఇంగ్లాండ్‌లో జాన్ బ్రౌన్‌లు వేలల్లో ఉంటారు. అక్కడి పారిష్ రికార్డుల్లో నేరుగా వెతికితే, వయసుకు సరిపోయే ఎవరో ఒకరు దొరుకుతారు. ఆ ఒకరే ఈయన అనడానికి ఆధారం ఉండదు.

ఇక్కడ వంతెనలా పనికొచ్చేది సైన్యం కాగితం. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే వరుసలో డిశ్చార్జ్ పత్రాలున్నాయి, 1760 నుంచి 1913 వరకు. ఏ పారిష్‌లో, ఏ టౌన్ దగ్గర, ఏ కౌంటీలో పుట్టాడో వాటిలో సాధారణంగా ఉంటుంది. ర్యాంకు, యూనిట్, భార్య పేరు ఇక్కడి బాప్తిస్మంతో సరిపోలితేనే ఇంగ్లాండ్ వైపు అడుగు వేయండి.

అక్కడికి వెళ్లాక కొన్ని సంవత్సరాలు గుర్తుండాలి. పారిష్ రిజిస్టర్లు 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలయ్యాయి. 1598 నుంచి ఏటా బిషప్‌కు నకళ్లు పంపేవారు. అసలు రిజిస్టర్ పాడైతే ఈ నకలే దిక్కు. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. బాప్టిస్టు కుటుంబం పెళ్లి పారిష్ చర్చిలో కనిపించి, పిల్లల పేర్లు అక్కడ కనిపించకపోవడానికి కారణం ఇదే. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వచ్చింది, పెళ్లి రికార్డులో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ చేరాయి. దాని తర్వాతి కాలానికి సివిల్ సర్టిఫికెట్‌నూ పారిష్ ఎంట్రీనీ పక్కపక్కన పెట్టి చూడండి.

వీసా కోసం వచ్చేవాళ్లతో జాగ్రత్త

మన చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల యువత నుంచి కూడా ఈ పని రావచ్చు, కారణం యూకే యాన్సెస్ట్రీ వీసా. కామన్వెల్త్ పౌరులకు, తాత, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు యూకేలో పుట్టి ఉంటే, అయిదేళ్లు అక్కడ పనిచేసుకునే అవకాశం ఇది. ముత్తాత యూకేలో పుడితే చాలదు. తాత తిరుమలగిరి మిలిటరీ హాస్పిటల్‌లో పుట్టి ఉంటే, ఆయన తల్లిదండ్రులిద్దరూ లండన్‌వాళ్లయినా పనికిరాదు. ఈ మాట అడ్వాన్స్ తీసుకునే ముందే చెప్పేయండి. పైగా వీసా ఆఫీసు అడిగేది ప్రతి తరానికి బర్త్ సర్టిఫికెట్, అవసరమైనచోట మ్యారేజ్ సర్టిఫికెట్. బాప్తిస్మం నకలు ఒక్కటీ పెట్టి గట్టెక్కిస్తామని మాట ఇవ్వకండి. మీరు రికార్డు వెతికేవాళ్లు, వీసా హామీ ఇచ్చేవాళ్లు కారు.

చర్చి ఆఫీసు దగ్గర

1947 నుంచి ఇక్కడి ఆంగ్లికన్, వెస్లియన్ చర్చిలు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో భాగం. రిజిస్టర్లు పాస్టరేట్ ఆధీనంలో ఉంటాయి, వాటిని చూపించాలన్న చట్టబద్ధమైన బాధ్యత ఉందన్నట్టు మాట్లాడకండి. ప్రెస్బిటర్ (పాస్టర్) గారి పేరిట లెటర్ ఇవ్వండి. అందులో పేరు, తేదీ, ఎవరి తరఫున, ఎందుకోసం అన్నది రాయండి. ఆదివారం ఆరాధన హడావుడిలో కాకుండా వారంలో వెళ్లండి. ఫీజు ఉంటే రసీదు తీసుకోండి. ఫ్లాష్ వాడకండి, బైండింగ్ వెనక్కి విరవకండి, పెన్సిల్‌తోనే రాసుకోండి. రిజిస్టర్ బయటికి తీసుకెళ్తామని అడగనే వద్దు.

సమాధుల ఫొటోలు కావాలని క్లయింట్ ఒత్తిడి చేస్తాడు. తిరుమలగిరిలో చాలా భాగం ఆర్మీ ఏరియా. అనుమతి లేకుండా కెమెరా తీస్తే ఇబ్బందుల్లో పడేది మీరే, మెయిల్ పెట్టిన వ్యక్తి కాదు.

రేటు, రిపోర్ట్

ఫలితానికి కాదు, వెతికే సమయానికి డబ్బు తీసుకోండి. "దొరికితేనే ఇస్తా" అనే క్లయింట్, దొరికేదాకా మిమ్మల్ని ఊరికే తిప్పుతాడు. దానికన్నా ప్రమాదం ఏమిటంటే, డబ్బు రావాలంటే ఎవరినో ఒకరిని చూపించాలన్న ఒత్తిడి మీ మీద పడుతుంది. మొదటి దశకు కొన్ని గంటలు, ఒక రేటు, సగం అడ్వాన్స్ అని మెయిల్‌లోనే ఖరారు చేయండి. చందాలు, సర్టిఫికెట్ ఫీజులు వేరుగా చూపించండి. విదేశీ చెల్లింపుకు ఇన్వాయిస్, బ్యాంకు పత్రం దాచుకోండి, ఆదాయం ఐటీ రిటర్న్‌లో చూపండి.

రిపోర్ట్‌లో ఏ వరుస, ఏ సంవత్సరాలు, ఏ స్పెల్లింగ్‌లు చూశారో రాయండి, దొరకనివి కూడా రాయాలి. ప్రతి తరం పక్కన "రుజువైంది", "బహుశా", "ఆధారం లేదు" అన్న మూడింట్లో ఒకటి పెట్టండి. బతికున్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా చేర్చకండి. తాత ప్రభువంశం అని వినాలనుకునే క్లయింట్‌కు గన్నర్ కొడుకని రాయాల్సి వస్తుంది. రాయండి.

ఈ పనితో ఇల్లు గడుస్తుందని ఉన్న ఉద్యోగం మానేయకండి. వారాంతాల్లో మొదలుపెట్టి, ఉచిత డేటాబేస్‌లలో చేయి తిరిగాకే డబ్బు తీసుకోండి. ఆధారం లేని లింకు ఒక్కటి మీ పేరు మీద బయటికి వెళ్తే, దాన్ని అందరూ తమ వంశవృక్షాల్లోకి కాపీ చేసుకుంటారు. తర్వాత మీరు సరిదిద్దినా అది ఆగదు.