పాఠం 17: ఆయిలు ఎక్కడి నుంచి కారుతోంది?

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత కారు వెనక ఇరుసు నుంచి ఆయిలు కారడానికి కారణం గుర్తించగలుగుతారు.
• ఇంటి దగ్గర చేసుకోదగిన పనిని, మెకానిక్కుకు వదలవలసిన పనిని వేరుచేయగలుగుతారు.
• పని వరసను తెలిపే వాక్యాలు రాయగలుగుతారు.

17.2 ప్రవేశిక

పొద్దున కారు బయటికి తీయగానే నేల మీద ఆయిలు మరక కనిపించిందనుకోండి. చాలామంది వెంటనే "సీలు పోయింది" అంటారు. కొత్త సీలు వేయిస్తారు. నెల తిరక్కుండానే మళ్ళీ మరక! తప్పు సీలుది కాకపోవచ్చు. కారణం వెతకకుండా భాగం మారిస్తే డబ్బు పోతుంది, జబ్బు పోదు.

అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అయినా కొందరు ఇప్పటికీ వీటిని జాగ్రత్తగా నడుపుకుంటున్నారు. ఈ కారులో ఇంజను ముందు ఉంటుంది. దాని శక్తి వెనక చక్రాలను తిప్పుతుంది.

17.3 ఆయిలు ఎందుకు బయటికి వస్తుంది?

ఇంజను శక్తి గేరుబాక్సు నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌కు చేరుతుంది. అక్కడ పళ్ళచక్రాలు గేరు ఆయిల్లో తిరుగుతాయి. ఈ ఆయిలు తగ్గితే పళ్ళు అరిగి, మోత మొదలవుతుంది. షాఫ్టు లోపలికి వెళ్ళే చోట, ఇరుసు రెండు చివర్లలో ఆయిలు బయటికి రాకుండా సీళ్ళు ఉంటాయి.

బండి నడిచేటప్పుడు ఆయిలు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి పోవడానికి హౌసింగ్ మీద బ్రీదర్ అనే చిన్న భాగం ఉంటుంది. మట్టి పేరుకొని అది మూసుకుపోతే గాలికి దారి ఉండదు. ఉడుకుతున్న గిన్నె మీద మూత నొక్కిపెడితే ఆవిరి అంచుల నుంచి తన్నుకువచ్చినట్లు, ఆయిలు సీలు అంచు నుంచి బయటికి వస్తుంది. మోతాదుకు మించి ఆయిలు పోసినా కారవచ్చు.

17.4 పని వరస

1. బండిని చదునైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టండి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వాటిని పైకెత్తితే అది బండిని ఆపలేదు. ఎత్తవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకండి. ఇరుసు కింద రెండువైపులా ఇనుప స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెట్టకండి, అవి బరువుకు హఠాత్తుగా పగులుతాయి.

2. హౌసింగ్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దగ్గరలో బీడీ, మంట ఉండకూడదు.

3. బ్రీదర్ విప్పి, శుభ్రంచేసి, గాలి ఆడుతున్నదని చూసుకొని, తిరిగి బిగించండి.

4. ఇప్పుడు నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి, ఆయిలు చల్లారాక ఫిల్లర్ ప్లగ్ విప్పండి. ఆయిలు రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. ఎక్కువైతే గిన్నెలోకి కారనివ్వండి. తక్కువైతే మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిలే పోసి, ప్లగ్ బిగించండి.

5. పది కిలోమీటర్లు నడిపి, బండి కింద రాత్రంతా అట్టముక్క పరచి ఉంచండి. నడిచేటప్పుడు గాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది. కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికంటే ముందుకు, పైకి ఉన్న చోటును మొదట అనుమానించండి.

17.5 ఎక్కడ ఆగాలి?

ప్లగ్ దగ్గర తడి ఉంటే వాషరు మార్చడం మీరే చేయవచ్చు. షాఫ్టు లోపలికి వెళ్ళే చోట ఇంకా కారుతుంటే సీలు మార్చాలి. ఆ పని మెకానిక్కుది. అక్కడి నట్టు బిగింపు తేడావస్తే లోపలి బేరింగులు పాడవుతాయి.

చక్రం లోపలివైపు తడి ఉంటే బండి నడపకండి. అది గేరు ఆయిలు కావచ్చు, బ్రేక్ ఆయిలు కావచ్చు. రెండిట్లో ఏదైనా ప్రాణాపాయమే. ఆయిలు పీల్చుకున్న బ్రేకు లైనింగును తుడిస్తే సరిపోదు, మార్చాలి. మెకానిక్కునే బండి దగ్గరికి పిలిపించండి.

తీసిన ఆయిలును కాలవలో పోయకండి. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి.

17.6 భాషాంశం

"బ్రీదర్ విప్పి, శుభ్రంచేసి, బిగించండి." ఈ వాక్యంలో విప్పి, శుభ్రంచేసి అనేవి క్త్వార్థక క్రియలు. ఒకే కర్త ఒకదాని తరువాత ఒకటిగా చేసే పనులను ఇవి తెలుపుతాయి. వరస మారితే పని కూడా మారుతుంది. "బిగించి, శుభ్రంచేసి, విప్పండి" అని చదివి చూడండి.

17.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బ్రీదర్ మూసుకుపోతే కొత్త సీలు నుంచి కూడా ఆయిలు ఎందుకు కారవచ్చు?
2. వెనక చక్రాలు ఎత్తేముందు ముందు చక్రాలకే ఎందుకు అడ్డుపెట్టాలి?
3. మీకు తెలిసిన ఒక ఇంటి మరమ్మతును క్త్వార్థక క్రియలతో మూడు వాక్యాల్లో రాయండి.

జవాబులు

1. లోపలి గాలికి వేరే దారి లేక, దాని ఒత్తిడి ఆయిలును సీలు అంచు నుంచి నెడుతుంది.
2. నేల మీద మిగిలేవి అవే. హ్యాండ్ బ్రేకు వాటిని ఆపదు.
3. మీరు రాసినదాన్ని ఆ పని తెలిసినవారికి చదివి వినిపించండి. వారు వరస తప్పకుండా పని చేయగలిగితే మీ జవాబు సరైనదే.