నడుము నొప్పికి డాక్టరు ఏం చూస్తారు?

అక్కలారా! నాట్లు వేసినా, బరువులు ఎత్తినా నడుము పట్టేస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నొప్పి పిరుదు నుంచి పాదం దాకా గుంజుతుంది. దీన్ని సయాటికా అంటారు. వెన్ను దగ్గర నరం నొక్కుకుపోతే ఇలా వస్తుంది.

డాక్టరు చేసే పరీక్షలు ఇవి:

1. వెల్లకిలా పడుకోమంటారు. మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకి లేపుతారు. అప్పుడు నొప్పి మోకాలు దాటి కిందికి గుంజితే నరం నొక్కుకుందేమోనని అనుమానిస్తారు. తొడ వెనక బిగిసినట్టుంటే అది కండరం కావచ్చు.

2. మునివేళ్ళ మీద, మడమల మీద నడవమంటారు. ఇది కాళ్ళ బలం చూడటానికి.

3. మోకాలి కింద చిన్న సుత్తితో తడతారు. కాలు ఎగురుతుందా అని చూస్తారు.

4. పాదాన్ని దూదితో తాకుతారు. స్పర్శ తెలుస్తోందా అని అడుగుతారు.

ఈ పరీక్షలకు సూది లేదు, కోత లేదు. భయపడకండి. నొప్పి ఎక్కడిదాకా దిగుతుందో వేలితో చూపించండి.

ఒక మాట గుర్తుంచుకోండి. మూత్రం రాకపోయినా, తెలియకుండా పడిపోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా సిగ్గుపడి దాచకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోను చేయండి. ఆలస్యమైతే కాళ్ళు చచ్చుబడవచ్చు.

చెప్పండి చూద్దాం: ఏ మూడు గుర్తులు దాచకూడదు?